ఇతరుల జట్టు

డ్రిల్లు మాస్టారి లెక్కలో లోకంలో పిల్లలు రెండే రకాలు: పరిగెత్తేవాళ్ళు, ఇంకా పరిగెత్తనివాళ్ళు. పుట్టుక, భాష, తండ్రి జీతం, ఇంటి ముందు చెప్పుల తీరు ఇలాంటివన్నీ మిగతా పంతుళ్ళకు వదిలేశారాయన. మైదానంలోకి వచ్చాక అందరికీ ఒకటే గీత. సున్నంతో గీసిన గీత. దాని వెనక నిలబడాలి, విజిల్ వినగానే ఉరకాలి.

ఈ నమ్మకం ఆయనకు పుస్తకాల్లో దొరికింది కాదు. తండ్రి లారీ తోలేవాడు. సరుకు ఎక్కడుంటే కాపురం అక్కడ. పెట్టెలోని బట్టలు మడతలు విప్పకముందే ఊరు మారేది. చూసిన బళ్ళకు లెక్క లేదు గానీ, అన్నిట్లోనూ ఆయన స్థానం మాత్రం ఒకటే: గోడ పక్కన. కొత్తవాడికి గోడే మొదటి స్నేహితుడు. వీపు ఆనించుకోనిస్తుంది, ఏ ఊరివాడివని అడగదు. ఒక ఊళ్ళో, రంపపు మిల్లుల దుమ్ము కాఫీలో కూడా తేలే ఊళ్ళో, పరుగుపందెంలో అందరికంటే ముందు వచ్చాడు. బహుమతిగా ఒక స్టీలు గ్లాసు ఇచ్చారు. ఆ మధ్యాహ్నం ముందు బెంచీ కుర్రాడొకడు వెనక్కి తిరిగి, "నీ పేరేంట్రా?" అన్నాడు. బళ్ళో చేరి అప్పటికి చాలా రోజులైంది. అంతదాకా ఆ ప్రశ్న ఎవరికీ తోచలేదు.

ముందు గ్లాసు, తర్వాత పేరు. పసితనంలో బుర్రలో పడ్డ ఇలాంటి పాఠం సిమెంటులో పడ్డ కాలిముద్ర లాంటిది. ఎండాక చెరపడం ఎవరి తరమూ కాదు. గొప్ప గొప్ప తత్వవేత్తలు కూడా, గీరి చూస్తే, ఏడేళ్ళ వయసులో తగిలిన దెబ్బనో దక్కిన బెల్లంముక్కనో జీవితాంతం సిద్ధాంతీకరించినవాళ్ళే. మాస్టారు అంతపని చేయలేదు. ప్రతి ఆటకూ ఒక బహుమతి పెట్టారంతే. తాడు ఆటకు బహుమతి, చెత్త ఏరితే బహుమతి, వరుస చెదరకుండా తరగతికి వెళ్తే బహుమతి. "బహుమతి లేని పోటీ ఉప్పు లేని కూర" అనేవారు. పిల్లలు ఆయన్ని వెనకాల "కప్పుల మాస్టారు" అనేవారు. ఆయనకు తెలుసు. మనసులో సంతోషమే.

ఆ హైస్కూల్లో ఒకప్పుడు రెండు మూడు రకాల జనమే ఉండేవారు. తర్వాత ఊరి చివర ఫ్యాక్టరీలు లేచాయి. వాటి వెనకే గదులు, గదుల వెనకే మనుషులు వచ్చారు. కొండలవాళ్ళు, రేవులవాళ్ళు, ఏటవతలివాళ్ళు, ఇంకా ఎక్కడెక్కడివాళ్ళో. మధ్యాహ్నం బడి వరండాలో నిలబడితే ఎన్ని భాషల్లో తిట్టుకోవచ్చో తెలిసేది. తిట్టుకోవడానికి ఇబ్బంది లేదు గానీ, తిండి డబ్బాలు విప్పేటప్పుడు మాత్రం ఎవరి మెట్టు వాళ్ళదే.

కొత్తగా వచ్చిన పెద్దమేడం ఆ మెట్ల సంగతి వారంలోపే పట్టేసింది. స్టాఫ్‌రూములో టీ గ్లాసు బల్ల మీద పెట్టి అంది: "మన బళ్ళో ఇన్ని రకాల పిల్లలున్నారు. ఒకరి గురించి ఒకరికి ముక్క తెలీదు. ఒక రోజు పెడదాం. 'అందరి రోజు' అని. ఎవరి బట్టలు వాళ్ళు, ఎవరి పాట వాళ్ళు. ఏమంటారు మాస్టారూ?"

"బ్రహ్మాండంగా ఉంటుంది మేడం. షీల్డు నేను చేయిస్తా."

"షీల్డా? దేనికండీ?"

"ఫస్టు వచ్చినవాళ్ళకి."

పెద్దమేడం కాసేపు ఆయన మొహంలోకి చూసింది, ఆయన హాస్యమాడుతున్నారేమోనని. "ఏ సంస్కృతి ఫస్టు అని ఎలా చెప్తాం మాస్టారూ?"

"చెప్పక్కర్లేదు మేడం. మార్కులే చెప్తాయి. వేషానికి ఇన్ని, పాటకి ఇన్ని, క్రమశిక్షణకి ఇన్ని. మార్కుల్లేకపోతే పిల్లలు రారు. పెద్దవాళ్ళు అసలే రారు."

లెక్కల సారు తల ఊపాడు, సైన్సు టీచరు నోరు నొక్కుకుని నవ్వింది. పెద్దమేడం కొత్త మనిషి, మాస్టారు పాత కాపు. ఆమె "సరే చూద్దాం" అంది. బళ్ళల్లో "సరే చూద్దాం" అంటే పని జరిగిపోయినట్టే.

మాస్టారు ఊపిరి సలపకుండా పనిలో దిగారు. జట్టుకు కనీసం పదిమంది ఉండాలని నియమం పెట్టారు, లేకపోతే వేదిక బోసిపోతుందని. అట్టముక్కలు కోసి, కర్రలకు కొట్టి, నీలం రంగుతో జట్ల పేర్లు తానే రాశారు. ఆయన చేతిరాత ముత్యాలకోవ, ఆ గర్వం కొంచెం ఉంది. అన్ని జట్లూ అయ్యాక, పదిమంది లేనివాళ్ళు మిగిలారు. వాళ్ళనీ వదలకూడదు కదా అని మంచి మనసుతోనే ఇంకో అట్ట కోశారు. దాని మీద మిగతావాటికంటే అందంగా "ఇతరులు" అని రాశారు.

ఆ అట్ట కింద చేరినవాళ్ళు: అమ్మ ఒక జనం, నాన్న ఇంకో జనం కావడంతో ఏ జట్టూ పూర్తిగా మా పిల్ల అనని "సగంసగం", చక్రాల కుర్చీ వల్ల "డ్రైవరు" అనే పేరు సంపాదించుకున్న కుర్రాడు (వాడి జనానికి జట్టు ఉంది, కానీ వాళ్ళ నాట్యంలో గెంతులున్నాయట), తమది ఏ జనమో తమకే తెలియని అనాథాశ్రమం పిల్లలు కొందరు, అందరి వెనకా "కొత్తపిల్ల". ఆ అమ్మాయి బళ్ళో చేరి రెండో ఏడు. ఇంకా కొత్తపిల్లే. వాళ్ళ జనం ఊరు మొత్తానికీ ముగ్గురే: తల్లి, తను, తమ్ముడు.

మర్నాడు సాధన మొదలుపెట్టబోతే వెనక ఒక జాగా ఖాళీగా ఉంది.

"కొత్తపిల్ల ఏదిరా?"

డ్రైవరు కుర్చీ చక్రాన్ని అటూ ఇటూ ఆడించాడు. "రాలేదు సార్. ఇంక రాదంట."

"జ్వరమా?"

"కాదు సార్. అట్ట."

మాస్టారు ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని ఈ సంగతి ఇంటావిడకు చెప్పారు. ఆవిడ ఊళ్ళోని గ్రంథాలయంలో పుస్తకాలకు అట్టలు కుట్టే మనిషి. చదివినవి ఎక్కువ, మాట్లాడేవి తక్కువ, మాట్లాడితే సూది దిగినట్టే.

"ఒక్క సంగతి చెప్పండి. నన్ను చేసుకున్నప్పుడు ఎన్ని మార్కులేశారు?"

"అప్పుడు మైనస్ మార్కుల పద్ధతి లేదులే."

"ఉంటే మీకు పెళ్ళయ్యేదా!" అని ఆవిడ కూర వడ్డించింది. తర్వాత గరిటె పట్టుకునే అడిగింది: "ఇతరులంటే ఎవరండీ?"

"మిగిలినవాళ్ళు."

"మిగిలేది అన్నం, కూర. పిల్లలు ఎలా మిగులుతారు?"

మాస్టారు కంచం మీదికి వంగి ముద్ద కలిపారు. ఎవరికో వీపు ఆనించడానికి గోడ ఇచ్చి, పైగా ఆ గోడ మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాశానే అనిపించింది.

కొత్తపిల్ల తల్లి మలుపులో ఇస్త్రీ దుకాణం నడుపుతుంది. మరుసటి సాయంత్రం మాస్టారు అక్కడికి వెళ్ళారు. ఇరుకు గది. పైన తీగ మీద రంగురంగుల బట్టలు వేలాడుతున్నాయి: జలతారు అంచులు, కుచ్చుల పావడాలు, పూసల జాకెట్లు. మాస్టారికి అవి ఎక్కడో చూసినట్టనిపించి, తర్వాత వెలిగింది. బడి జట్ల వేషాలు. అన్నీ ఇక్కడికే వచ్చాయి. ఆవిరి మధ్య తల్లి ఒక కుచ్చును మడత మడతగా అదుముతోంది. మూల బల్ల దగ్గర కొత్తపిల్ల వీపు ఇటు పెట్టి చొక్కాలు మడతేస్తోంది.

"రండి మాస్టారూ. బట్టలింకా అవలేదు."

"బట్టల కోసం కాదమ్మా. పిల్ల కోసం."

తల్లి చెయ్యి ఆగలేదు. "మీ బళ్ళో అందరి బట్టలకీ ఇస్త్రీ నేనే చేస్తున్నా. మా పిల్లకే చేయడానికేమీ లేదు. మేం వచ్చేటప్పుడు పెట్టెలు సర్దుకునేంత తీరిగ్గా రాలేదు."

"అట్ట మారుస్తానమ్మా."

"ఏమని రాస్తారు?"

మాస్టారు పైన వేలాడే పావడాల వైపు చూశారు.

"చదివింది చాల్లెండి. వచ్చే నెల నుంచి ఇక్కడే, నాతో. పని నేర్చుకుంటుంది. ఇస్త్రీ పెట్టె ఎవర్నీ ఇతరులనదు. అందర్నీ ఒకేలా కాలుస్తుంది."

చక్కగా మాట్లాడేవారు ఇలాంటి చోట ఏదో ఒకటి చెప్పి గట్టెక్కుతారు. మాస్టారికి ఆ విద్య లేదు. ఆయనకు మనుషులతో మాట్లాడటానికి తెలిసిన దారి ఒకటే. పిల్ల వీపు వైపు తిరిగి అడిగారు: "మీవాళ్ళు ఏం ఆడతారమ్మా?"

తల్లి చేతిలో ఇస్త్రీ పెట్టె ఆగింది. పిల్ల తిరగలేదు గానీ, చొక్కా మడత ఆగింది.

"మా ఆటకి జనం కావాలి సార్."

"ఎంతమంది?"

"బోలెడు. మేం ముగ్గురమే."

"నువ్వు ఆడలేదా ఎప్పుడూ?"

"లేదు. అమ్మ చెప్తే విన్నా."

ఎన్నడూ ఆడని ఆట నియమాలన్నీ కంఠతా వచ్చిన పిల్ల! వంటింట్లో అడుగు పెట్టనివ్వని మనిషికి వంటలన్నీ తెలిసినట్టు అనుకున్నారు మాస్టారు. బల్ల దగ్గరకు వెళ్ళి, "చూపించు" అన్నారు.

పిల్ల డబ్బాలోంచి ఊడిపోయిన గుండీలు తీసి ఎదురెదురుగా రెండు వరుసలు పేర్చింది. "వీళ్ళు పిల్లలు సార్. ఇది రాయి. మొదటివాళ్ళు ఎదుటివాళ్ళకివ్వాలి, వాళ్ళు ఇటుపక్క రెండోవాళ్ళకి. అలా చివరిదాకా. ఇచ్చేటప్పుడు చేతుల్ని చూడకూడదు, మొహం చూడాలి. రాయి దాటినవాళ్ళు పరిగెత్తుకెళ్ళి చివర నిలబడాలి. అందుకని రాయికి ఎప్పుడూ ముందు చేతులుంటాయి. వరుస అలా నడుస్తూనే పోతుంది."

"ఎక్కడిదాకా?"

"ఎక్కడికైనా."

తల్లి అందుకుంది. "మీ మాటలో చెప్పాలంటే 'వాగు' మాస్టారూ. మేం పొద్దున ఇంటి ముందు మొదలుపెడితే సాయంత్రానికి పక్క ఊళ్ళో తేలేవాళ్ళం."

"మరి గెలిచేదెవరు?"

తల్లీకూతుళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "గెలవడమేంటి సార్?" అంది పిల్ల. "అలిసిపోతే ఆగిపోతుంది."

మాస్టారు గుండీలను వేలితో లెక్కపెట్టి, "ఇతరుల జట్టులో మనుషులున్నారమ్మా. బోలెడు కాదు గానీ, వాగు పారేటంత ఉన్నారు" అన్నారు.

తల్లి ఇస్త్రీ పెట్టె మళ్ళీ ఎత్తింది. "ఆ రోజుదాకా పంపిస్తా. తర్వాత సంగతి తర్వాత. మాటివ్వను."

సాధన సైకిల్ స్టాండు వెనక సాగింది. మొదట్లో రాయి అడుగు కదిలితే ఒట్టు. పిల్లలు సిగ్గుతో చేతులే చూసుకునేవారు. మొహం చూడటం అంత తేలికైన పని కాదు. రోజూ పక్కన కూర్చునేవాడి కళ్ళు ఏ రంగో చెప్పమంటే పెద్దవాళ్ళమే తడబడతాం. సగంసగం ఫక్కున నవ్వేది, ఆ నవ్వుకు రాయి జారేది. డ్రైవరు మాత్రం తన వంతు దాటగానే చక్రాలు ఝుళిపించి చివరికి దూసుకెళ్ళేవాడు. "తప్పుకోండెహె! నా బండికి బ్రేకుల్లేవు!" వరుస ముందుకు పాకుతున్నకొద్దీ కొత్తపిల్ల గొంతు పెరిగింది. "మొహం! మొహం చూడు!" అని కసిరేది. ఇన్నాళ్ళుగా ఆ గొంతు ఇంత ఉందని ఎవరికీ తెలీదు.

ఒక్కచోట మాస్టారు అడ్డుపడ్డారు.

"రాయి పడేస్తే?"

"పడేసినవాళ్ళు మొదటికెళ్ళాలి సార్. వాళ్ళ చేత్తోనే మళ్ళీ మొదలు."

"అదేంటి? తప్పు చేసినవాడికి సన్మానమా! చివరికి పోవాలి. లేకపోతే క్రమశిక్షణ ఏముంటుంది?"

పిల్ల నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. "సరే సార్" అంది. ఎంతైనా మాస్టారి అలవాటు. అది సున్నపు గీత లాంటిది. వాన పడ్డా ఎక్కడ ఉండేదో కాళ్ళకు తెలుసు.

అందరి రోజు రానే వచ్చింది. మైదానం నిండా కుర్చీలు. పెద్ద జట్లు మెరిసిపోయాయి, నిజంగానే. కొండలపిల్లల పాటకు గేటు దగ్గరి పోలీసు కూడా తల ఊపాడు. ఎప్పుడూ నోరు విప్పని రేవు కుర్రాడొకడు వాళ్ళ భాషలో పద్యం చెప్తుంటే వాడి తాత కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు. వాడికి ఆ బళ్ళో తన భాష పైకి మాట్లాడటం అదే మొదలు. పెద్దమేడం ఆలోచనలో బంగారం ఉంది, కాదనడానికి లేదు.

ఇతరుల వంతు వచ్చింది. అట్ట లేదు. మాస్టారు దాన్ని ముందురోజే పొయ్యిలో పెట్టారు. వేషాల్లేవు, బడి దుస్తులే. తీరా చూస్తే ఆశ్రమం పిల్లవాడొకడు జ్వరంతో రాలేదు, వరుసలో ఒక చెయ్యి తక్కువ. డ్రైవరు అరిచాడు: "సార్, మీరు రండి!"

"నేనా?"

"చేతులున్నాయిగా సార్!"

జనం నవ్వారు. మాస్టారు మింగలేక కక్కలేక వరుసలో నిలబడ్డారు. రాయి కదిలింది. వేదిక ఎంతని? నాలుగు ఊపిరుల్లో చివర అంచుకు వచ్చేసింది. ఆగక, వాగు మలుపు తీసుకుని, డ్రైవరు కోసం వేసిన చెక్కవాలు మీదుగా కిందికి, కుర్చీల మధ్యలోకి దిగింది. జనం కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు. రాయి మాస్టారి వైపు వచ్చింది. కొత్తపిల్ల ఆయన మొహంలోకి చూస్తోంది. ఆయనేమో, ఇన్నేళ్ళ అలవాటు, చేతుల వైపు చూశారు. రాయి జారి ఎవరి కుర్చీ కిందికో దొర్లింది.

మాస్టారు తలొంచుకుని, తాను పెట్టిన నియమం ప్రకారం చివరికి నడవబోయారు.

"ఏయ్! అటెక్కడికి?" వెనక వరుసలోంచి ఒక ఆడగొంతు. కొత్తపిల్ల తల్లి, ఇస్త్రీ బట్టల మూట చంకలో ఉండగానే లేచి నిలబడింది. "పడేసినవాళ్ళు మొదటికి! చివరికని ఎవరు చెప్పారే నీకు?"

కొత్తపిల్ల గడ్డంతో మాస్టారిని చూపించింది. మైదానమంతా గొల్లుమంది. పెద్దమేడం చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తల్లి మూటను పక్కావిడ ఒళ్ళో పడేసి వచ్చేసింది. కుర్చీ కింది రాయి తీసి మాస్టారి అరచేతిలో పెట్టి, మోచేయి పట్టుకుని మొదటికి నడిపించింది. "పడేసిన చేతికే మళ్ళీ ముందుగా రాయి రావాలి మాస్టారూ. లేకపోతే ఆ చెయ్యి భయపడి ఊరుకుంటుంది. మీకు తెలీనిదా?"

పిల్లలకు కాలు చెయ్యి తిప్పడం నేర్పుతూనే తల నెరిసినవాడు. కిందపడ్డ పిల్లని వెంటనే లేపి మళ్ళీ దూకించాలని ఆయనకూ తెలుసు. తెలిసిందే ఇలా ఇంకొకళ్ళ నోట, ఇంతమందిలో వింటే వేరుగా ఉంటుంది. తప్పు చేసి ముందుకు నడవడం ఆయన పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. తల్లి ఆయన ఎదురుగా నిలబడి చేతులు చాచింది. ఈసారి ఆయన ఆమె మొహంలోకి చూశారు. అలిసిపోయి, ఆవిరికి ఎర్రబడి, ఏదో చిన్నప్పటి ఊరి వీధిలో ఉన్నట్టు వెలుగుతున్న మొహం. రాయి చేయి మారింది.

న్యాయనిర్ణేతలు పాపం ఏం చేస్తారు? వేషానికి సున్నా, పాటకు సున్నా, క్రమశిక్షణ సంగతి చెప్పనే అక్కర్లేదు. షీల్డు కొండలవాళ్ళకు వెళ్ళింది, న్యాయంగానే. ఇతరులు అందరికంటే అడుగున. "చివర్నుంచి ఫస్టు మనమే!" అని డ్రైవరు ఈల వేశాడు. తల్లి మూట అందుకుని, కూతురి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

సెలవు గడిచి బడి తెరిచారు. ప్రార్థన వేళ మాస్టారి కళ్ళు వరుసల వెంట తిరిగాయి. కొత్తపిల్ల లేదు. రెండో గంటకూ లేదు. ఇస్త్రీ పెట్టె అందర్నీ ఒకేలా కాలుస్తుందన్న మాట చెవిలో జోరీగలా తిరిగింది. వెళ్ళి అడగడానికి మొహం చెల్లలేదు. మాటివ్వనని ఆవిడ ముందే చెప్పిందాయె.

మధ్యాహ్నం మైదానంలో గోల. డబ్బాలు మెట్ల మీద విప్పినవి విప్పినట్టే వదిలి పిల్లలు గుంపు కట్టారు. మాస్టారు విజిల్ ఊదుకుంటూ వెళ్ళారు. రెండు పొడుగాటి వరుసలు, కొండలవాళ్ళూ రేవులవాళ్ళూ ఏటవతలివాళ్ళూ కలగాపులగంగా. మధ్యలో ఇద్దరు జుట్లు పట్టుకుంటున్నారు.

"నేనే పడేశాను సార్!"

"అబద్ధం సార్! వాడు సరిగ్గానే ఇచ్చాడు. నేను జారవిడిచా. నేనే మొదటికెళ్ళాలి!"

"నేనే సార్!"

మాస్టారు తెల్లబోయారు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి "నేను కాదు సార్, వాడే" అన్న తగాదాలే తీర్చారు. తప్పు నాదంటే నాదని కొట్టుకునేవాళ్ళకు తీర్పు ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు.

"ఇద్దరి చేతుల మధ్య పడితే ఎవరు పడేసినట్టు? ఎవరికి తెలుసిది?"

"దానికే తెలియాలి సార్," అని అందరూ వెనక్కి చూశారు.

గుంపును తోసుకుంటూ కొత్తపిల్ల వచ్చింది. చేతుల నిండా గంజి వాసన, జడ సగమే అల్లి ఉంది. పొద్దున దుకాణంలో మూటలెక్కువయ్యాయట, అందుకని ఆలస్యమట. ఎవరూ అడగకుండానే గడగడా చెప్పింది. తర్వాత తగాదా విని, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని ఆలోచించింది.

"ఏమో సార్. ఇది అమ్మ చెప్పలేదు."

"మరెలా?" అన్నారు మాస్టారు.

"ఇవాళ్టికి ఇద్దర్నీ మొదటికి పంపించండి. అమ్మనడిగి రేపొచ్చి చెప్తా."

"రేపా?"

"రేపే సార్. పొద్దున్నే," అని, అప్పటికే వరుస వైపు తిరిగి అరుస్తోంది ఆ పిల్ల: "చేతులు కాదు! మొహం, మొహం చూడండి!"